పిల్లికి మందు తాగిస్తున్నారా? ముందు సీసా చూడండి!

'చిన్నపిల్లల సిరపే కదా, పిల్లికి నాలుగు చుక్కలు పోస్తే ఏమవుతుంది?' అనుకుంటాం. దాని ప్రాణమే పోవచ్చు. సరైన మందే అయినా పోసే తీరు తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెనుగులాటలో పిల్లి కరిస్తే మనమూ ఆసుపత్రి మెట్లు ఎక్కాలి. పెంపుడు పిల్లికి ద్రవమందు ఇచ్చేవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతులివి.

రాత్రి తొమ్మిది దాటింది. పొద్దుట్నుంచీ పిల్లి పాలు ముట్టలేదు. మంచం కింద ముడుచుకుని పడుకుంది. చేత్తో తాకితే ఒళ్లు కాలిపోతున్నట్టు ఉంది. పశువుల డాక్టరు ఈ వేళప్పుడు దొరకరు. అలమరలో పాపకు కిందటి నెలలో తెచ్చిన జ్వరం సిరప్ సగం సీసా ఉంది. మీ చేయి అటువైపే వెళ్తుంది కదూ?

నా చేయి కూడా అటే వెళ్లింది. నేను మనుషులకు వైద్యం చేసే డాక్టర్ని. పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో ఉంటాను. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పిల్లి వేరే పిల్లితో కొట్లాడి వచ్చి, ఇలాగే మూలన కూర్చుంది. మా అబ్బాయి ఏడుపు చూడలేక వాడి పారాసిటమాల్ సిరప్‌నే అర చెంచా పోశాను. 'చిన్న ప్రాణికి చిన్న మోతాదు' అనుకున్నాను. తెల్లారేసరికి దాని ముఖం వాచిపోయింది. నాలుక మట్టిరంగుకు తిరిగింది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పార్వతీపురం తీసుకెళ్దామని బుట్ట వెతికేలోపే చనిపోయింది. పశువైద్యుడైన మిత్రుడికి ఫోన్ చేసి చెబితే, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'నువ్వు వేసిందే చంపింది' అన్నాడు.

ఎండీ చదివిన నాకే ఈ సంగతి తెలియలేదు. మీకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు. తెలిశాక కూడా అదే సీసా అందుకోవడమే తప్పు.

అసలు జ్వరమేనా?

ముందు ఒక చిన్న విషయం. పిల్లి ఒంటి వేడి మామూలుగానే మనకన్నా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనకు జ్వరం అనిపించే వేడి దానికి మామూలు వేడి. కాబట్టి చేత్తో ముట్టుకుని 'జ్వరం వచ్చింది' అని తేల్చలేం. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదీ నమ్మకమైన గుర్తు కాదు. అంటే ఆ రోజు మా పిల్లికి జ్వరం ఉందో లేదో కూడా నాకు తెలియదు. లేని జ్వరానికి మందు వేశానేమో!

తినకపోవడం, దాక్కోవడం, ఒళ్లు నాక్కోవడం మానేయడం, మూత్రానికి పదేపదే కూర్చున్నా చుక్క రాకపోవడం... వీటిని చూడాలి. ముఖ్యంగా మగపిల్లికి మూత్రం ఆగిపోతే అది గంటల్లో ముదిరే ఆపద. తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు.

దాని కాలేయం వేరు

మనం వేసుకున్న పారాసిటమాల్‌లో ఎక్కువ భాగాన్ని మన కాలేయం ఒక ప్రత్యేక రసాయనంతో జతకట్టి, హాని లేకుండా మార్చి, మూత్రంలో బయటికి పంపేస్తుంది. ఈ పని చేసే ఎంజైము పిల్లికి సరిగా లేదు. తరతరాలుగా మాంసం తిని బతికే జంతువు కావటంతో దానికి ఆ ఏర్పాటు దాదాపు పోయిందని శాస్త్రవేత్తలు చెబుతారు. దాంతో మందు బయటికి పోయే దారి మూసుకుపోయి, విషపదార్థంగా మారి రక్తంలో పేరుకుంటుంది.

మనుషుల్లో పారాసిటమాల్ ఎక్కువైతే ముందు కాలేయం దెబ్బతింటుంది. పిల్లిలో ముందు దెబ్బతినేవి ఎర్ర రక్తకణాలు. అవి ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తాయి. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. గాలి పీలుస్తున్నా ఒంటికి ప్రాణవాయువు అందదు.

లెక్క చూడండి. పిల్లలకు పారాసిటమాల్ బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇస్తాం. పిల్లికి కిలోకు 10 మిల్లీగ్రాములతోనే విష లక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. మార్కెట్లో దొరికే ఒక రకం పిల్లల సిరప్‌లో 5 మి.లీ.కి 250 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే మూడు కిలోల పిల్లికి ఆ సిరప్ 0.6 మి.లీ. చాలు, ప్రమాదం మొదలవటానికి. నేను పోసిన అర చెంచా దానికి నాలుగు రెట్లు. పిల్లి విషయంలో పారాసిటమాల్‌కు 'కొంచెమైతే పర్లేదు' అనే మోతాదు లేదు.

అలమరలో ఇంకా ఏమున్నాయి?

పారాసిటమాల్ ఒక్కటే కాదు. మన ఇళ్లల్లో ఉండే ఇంకొన్ని మందులూ పిల్లికి ముప్పు తెచ్చేవే.

* జలుబు, దగ్గు సిరప్‌లు: వీటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. పేరు వేరు కాబట్టి మనం గుర్తించం. సీసా మీద చిన్న అక్షరాలు చదివితే తెలుస్తుంది.
* ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు: కిడ్నీలను, కడుపు పొరను దెబ్బతీస్తాయి.
* ఆస్పిరిన్: పిల్లి ఒంట్లోంచి బయటికి పోవటానికి రోజులు పడుతుంది. రెండో మోతాదు మొదటి దాని మీద పేరుకుంటుంది.
* కర్పూరం, నీలగిరి తైలం, వాటితో చేసిన బామ్‌లు: ఒంటికి రాస్తే పిల్లి నాక్కుంటుంది. నాకితే లోపలికి తీసుకున్నట్టే.
* కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు: కుక్కకు పనికొచ్చేది పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వస్తాయి.
* లిక్విడ్ పారాఫిన్, ఆముదం: 'మలబద్ధకానికి ఏం కాదులే' అని బలవంతంగా పోస్తుంటారు. రుచీ వాసనా లేని పారాఫిన్ గొంతులోకి జారినా పిల్లికి దగ్గు రాదు. నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది.

యాంటీబయాటిక్‌లూ అంతే. మనుషులకు వాడే కొన్నింటిని పశువైద్యులు పిల్లులకూ రాస్తారు. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది ఆయన పిల్లిని చూసి, బరువు తూచి నిర్ణయించాల్సిన సంగతి. మందుల షాపులో అడిగో, నాలాంటి మనుషుల డాక్టర్ని అడిగో తెలుసుకునేది కాదు.

పొరపాటున ఇచ్చేస్తే

చొంగ కారటం, వాంతులు, వేగంగా ఊపిరి తీయటం, చిగుళ్లు నీలంగానో గోధుమరంగుగానో మారటం, ముఖమూ పాదాలూ వాయటం, మూత్రం ముదురు రంగులో రావటం... ఇవి పారాసిటమాల్ విష లక్షణాలు. చాలావరకు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. అవి కనిపించేదాకా ఆగకండి. పోశామని గుర్తించిన వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఏ మందు, ఎంత పోశారు, ఎప్పుడు పోశారు... ఈ మూడూ చెప్పండి. సీసా వెంట తీసుకెళ్లండి.

దీనికి విరుగుడు ఉంది. మనుషుల్లో పారాసిటమాల్ విషానికి వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్‌నే పిల్లులకూ వాడతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ఉప్పు మరో విషమవుతుంది. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా మన్యం ఊళ్లలో రాత్రిపూట ప్రయాణం తేలిక కాదు. ఏనుగులు తిరుగుతున్నాయంటే సాయంత్రం దాటాక బయటికి కదలలేని ఊళ్లున్నాయి. అందుకే పిల్లిని పెంచేవాళ్లు దగ్గర్లోని పశువైద్యుడి నంబరు ముందుగానే రాసి పెట్టుకోవాలి. మనకు 108 ఉన్నట్టే, పశువులకు 1962 నంబరుతో సంచార వైద్య సేవ ఉంది. పగటివేళ దానికి ఫోన్ చేసి అడగొచ్చు.

వెదురు గొట్టం పద్ధతి పనికిరాదు

ఇక సరైన మందే చేతికి వచ్చిందనుకుందాం. దాన్నెలా తాగించాలి?

మా వైపు ఎద్దుకు మందు పోయాలంటే మూతి పైకెత్తి, నాలుక పక్కకు లాగి, వెదురు గొట్టంతో గడగడా పోసేస్తారు. పశువుల్లో కూడా అది ప్రమాదకరమైన పద్ధతే. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన పశువుల గురించి పశువైద్యులు తరచూ చెబుతుంటారు. అదే అలవాటుతో పిల్లి తల వెనక్కి వంచి, నోరు తెరిచి పోస్తే ఏమవుతుందో ఊహించండి.

పసిపిల్లల విషయంలోనూ ఇదే తప్పు చూస్తుంటాను. ముక్కు మూసి, బిడ్డ నోరు తెరవగానే చెంచాడూ పోసేస్తారు. గొంతులో రెండు దారులున్నాయి. ఒకటి ఆహారానిది, ఒకటి గాలిది. మింగేటప్పుడు గాలి దారి మూసుకుంటుంది. ఏడుస్తున్నప్పుడు, ఊపిరి కోసం నోరు తెరిచినప్పుడు అది బార్లా తెరుచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం మందు పోస్తాం!

పాతకాలపు అమ్మమ్మలకు ఇది తెలుసు. ఉగ్గుగిన్నె ముక్కును బిడ్డ బుగ్గ పక్కన ఆనించి, కొద్దికొద్దిగా వంచి, మింగాక మళ్లీ వంచేవారు. పిల్లికి కావలసింది ఆ ఉగ్గుగిన్నె ఓపికే.

ముందుగా సిద్ధం చేసుకోండి

* సిరంజి: సూది తీసేసిన 1 మి.లీ. లేదా 2 మి.లీ. సిరంజి వాడండి. వంటింటి చెంచాతో కొలవొద్దు. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో కొలత. ఇన్సులిన్ సిరంజి కూడా వద్దు. దాని మీది గీతలు యూనిట్లవి, మిల్లీలీటర్లవి కాదు. 
* చుక్క జాగ్రత్త: చీటీ మీద 0.6 మి.లీ. అని ఉంటే దాన్ని 6 మి.లీ.గా చదివే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే ఆ గీత దాకా సిరంజి మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. మా వార్డులో చదువు రాని తల్లులకు మేం చేసే పని ఇదే. చదువుకున్నవాళ్లకూ పనికొస్తుంది.
* సీసా: సస్పెన్షన్ రకం మందయితే బాగా కుదపాలి. లేకుంటే మొదటి రోజుల్లో నీళ్లు, చివరి రోజుల్లో చిక్కటి మందు వెళ్తుంది. పొడిలో నీళ్లు కలిపి తయారు చేసుకునే యాంటీబయాటిక్‌లు చాలావాటిని ఫ్రిజ్‌లో పెట్టాలి, కొద్ది రోజుల్లోనే వాడేయాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఆ మాట ముందే డాక్టరుకు చెప్పండి. ఆయన వేరే రకం రాస్తారు.
* చల్లదనం: ఫ్రిజ్‌లోంచి తీసిన మందును నింపిన సిరంజిని కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చలి విరుగుతుంది. చల్లటి మందును పిల్లి ఇంకా ఎక్కువగా విదిలిస్తుంది.
* తువ్వాలు: మందమైనది ఒకటి. మీ చేతి గోళ్లూ, వీలైతే పిల్లి గోళ్ల చివరలూ ముందు రోజే కత్తిరించుకోండి.
* చోటు: తలుపు మూసిన చిన్న గది. పిల్లలూ, టీవీ లేకుండా. వెంటాడి పట్టుకుంటే సగం యుద్ధం అక్కడే ఓడినట్టు.

తాగించేదిలా

1. పిల్లిని బల్ల మీదో, మీ ఒళ్లోనో కూర్చోబెట్టండి. దాని వీపు మీ పొట్టకు ఆనాలి, ముఖం బయటికి ఉండాలి. వెనక్కి జరగటానికి దారి ఉండదు.

2. తువ్వాలు మెడ చుట్టూ తెచ్చి, ముందు కాళ్లు లోపలికి వచ్చేలా చుట్టండి. చంటిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు ఉండాలి. మెడ దగ్గర బిగించొద్దు. నోరు తెరిచి రొప్పుతున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా చుట్టొద్దు, మందూ పోయొద్దు. అది ఆసుపత్రికి వెళ్లాల్సిన పిల్లి.

3. ఒక చేత్తో తల పైభాగాన్ని మెల్లగా పట్టుకోండి. తల నిటారుగానే ఉండాలి. పైకెత్తొద్దు. నోరు తెరిపించాల్సిన అవసరం కూడా లేదు.

4. పెదవి పక్క నుంచి, కోరపన్ను వెనకాల ఉండే ఖాళీలో సిరంజి కొనను పెట్టండి. బుగ్గకూ పళ్లకూ మధ్య సంచిలాంటి చోటు ఉంటుంది. కొన గొంతు వైపు కాకుండా, అడ్డంగా ఎదుటి బుగ్గ వైపు చూడాలి.

5. అర మి.లీ. కన్నా తక్కువే వదలండి. ఆగండి. నాలుక ఆడించి మింగుతుంది. మింగాకే మళ్లీ కొంచెం. 1 మి.లీ. మందుకు అర నిమిషం పట్టినా తొందరలేదు.

6. అయ్యాక మూతి తుడిచి, తువ్వాలు విప్పి, దానికిష్టమైనది ఒక ముక్క పెట్టండి. ఉప్పూ కారం, ఉల్లి వెల్లుల్లి లేని ఉడికించిన కోడి ముక్కో, చేప ముక్కో. రేపు పిలిస్తే వస్తుందా రాదా అన్నది ఈ ముక్క మీద ఆధారపడి ఉంటుంది.

ఇద్దరుంటే ఒకరు పట్టుకోవటం, ఒకరు పోయటం తేలిక. పిల్లిని పట్టుకునే పని పిల్లలకు అప్పగించొద్దు. గీట్లు పడేది ఎక్కువగా వాళ్ల ముఖాల మీదే.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే రెండు జాగ్రత్తలు. ఆ మందు, ముఖ్యంగా మాత్ర రూపంలో, అన్నవాహికలో అంటుకుంటే పుండు పడి దారి సన్నబడుతుంది. అందుకే అది వేశాక ఇదే పద్ధతిలో ఐదారు మి.లీ. నీళ్లు కొద్దికొద్దిగా తాగించాలి. పాలతో కలిపి ఇవ్వొద్దు. పాలలోని కాల్షియం మందును ఒంటికి పట్టనీయదు. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు.

నురగ కక్కితే?

మందు పోయగానే పిల్లి నోట్లో నురగ, చొంగ రావచ్చు. చాలామంది విషం ఎక్కిందని భయపడిపోతారు. డాక్టరు రాసిన మందే అయితే అది చాలావరకు చేదు వల్లే. నాలుగైదు నిమిషాల్లో తగ్గిపోతుంది. మెట్రోనిడజోల్ లాంటి చేదు మందులకు ఇది మామూలే. అలా ప్రతిసారీ జరిగితే వేరే రూపంలో ఇవ్వగలరేమో డాక్టర్ని అడగండి.

కొంత మందు బయటికి కారిపోయినా, పది నిమిషాలకు వాంతి అయినా మీ అంతట మీరు మళ్లీ పోయొద్దు. ఎంత లోపలికి వెళ్లిందో మనకు తెలియదు. ఒక పూట మరిచిపోయినా తర్వాతి పూట రెట్టింపు ఇవ్వొద్దు.

పోసేటప్పుడు దగ్గితే వెంటనే ఆపండి. తల కాస్త కిందికి వంగనివ్వండి. దగ్గు దానంతటదే తగ్గితే సరే. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆయాసం, దగ్గు, నీరసం కనిపిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా చూపించాలి.

ఎంతకీ తాగకపోతే, మందును రెండు చెంచాల తడి ఆహారంలో కలిపి ముందుగా పెట్టొచ్చా అని డాక్టర్ని అడగండి. గిన్నె నిండా కలిపితే సగం తిని వదిలేస్తుంది. అప్పుడు మోతాదు లెక్క తేలదు. పైగా ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని కొత్త జబ్బు మొదలవుతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి మందు కోసం తిండి మాన్పించకూడదు. కుదరకపోతే ఇంజెక్షన్ వంటి దారులు ఉంటాయి.

ఈ పిల్లి నోట్లో వేలు పెట్టొద్దు

చొంగ కారుతోంది. నీళ్లు మింగలేకపోతోంది. గొంతు మారింది. మచ్చికగా ఉండేది ఒక్కసారిగా మీద పడుతోంది, లేదా చీకట్లో దాక్కుంటోంది. 'గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుంది' అని నోరు తెరిచి చూడబోతాం. ఆగండి. రేబిస్ వచ్చిన జంతువులూ సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. కుక్కకే కాదు, పిల్లికీ రేబిస్ వస్తుంది, పిల్లి నుంచి మనకూ వస్తుంది. వీధి పిల్లయినా, టీకా లేని ఇంటి పిల్లయినా ఇలా ఉంటే మందు పోసే ప్రయత్నం చేయొద్దు. గదిలో పెట్టి తలుపేసి పశువైద్యుడికి చెప్పండి.

మీ చేయి సంగతి చూసుకోండి

ఇక్కడి నుంచి నా పని. 'మందు పోస్తుంటే గీరేసింది బాబూ, ఏటీ కాదులే అనుకున్నాను' అంటూ నాలుగో రోజున వాచిన చేత్తో ఓపీకి వచ్చేవాళ్లను చూస్తుంటాను.

పిల్లి పళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి. పైకి చిన్న చుక్కలా కనిపించే గాటు లోపల కీలు దాకా దిగి ఉండొచ్చు. పిల్లి నోట్లో సహజంగా ఉండే పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియాను ఆ పన్ను లోతుకు చేర్చి వస్తుంది. పైన చర్మం మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. చాలాసార్లు ఒక్క రోజులోనే చేయి ఎర్రబడి, వాచి, సలుపుతుంది. వేలు వంచలేకపోతున్నా, ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి రావాలి. మధుమేహం, కాలేయ జబ్బులు ఉన్నవాళ్లు, క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్లు వాపు కోసం ఎదురుచూడకుండానే రావాలి.

కరిచినా, గీరినా వెంటనే చేయాల్సింది:

* ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి. మనకు తెలియకుండానే రెండు నిమిషాలకు ఆపేస్తాం.
* పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, కిరోసిన్, ఆకుపసరు... ఏదీ పెట్టొద్దు. కట్టు గట్టిగా కట్టొద్దు.
* అదే రోజు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. ధనుర్వాతం టీకా అవసరమా అన్నదీ చూస్తారు.
* రక్తం వచ్చేలా కరిచినా, గీరినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. టీకా పని మొదలుపెట్టేదాకా కాపాడేది అదే. 'నొప్పిగా ఉంటుంది, వద్దు' అనకండి.
* గర్భిణులు, బాలింతలు, చంటిపిల్లలు... అందరూ ఈ టీకా వేయించుకోవచ్చు.

'మా పిల్లి ఇల్లు కదలదు, దానికి టీకాలు వేయించాం' అంటారు చాలామంది. మంచిదే. అయినా ఆ నిర్ణయం మీరు తీసుకోకండి. పిల్లిని పది రోజులు కనిపెట్టి ఉండాలి. అలాగని ఆ పది రోజులూ టీకా ఆపకూడదు. ముందు మొదలుపెట్టాలి. పది రోజుల తర్వాత పిల్లి ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించుకునే దారి దాదాపు లేదు. అందుకే ఇక్కడ 'చూద్దాంలే' అన్న మాటకు చోటు లేదు.

పిల్లికి మూడు నెలల వయసు వచ్చాక రేబిస్ టీకా, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టర్ వేయిస్తే మీ ఇంట్లో ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

అలమర తలుపు మీద ఒక చీటీ

మా అబ్బాయి ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఆ పిల్లి చనిపోయిన రోజు వాడు నన్ను ఒకే మాట అడిగాడు: 'నువ్వు డాక్టరువే కదా నాన్నా?' దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడున్న జవాబు ఇదే. డాక్టరు కూడా తనకు తెలియని ప్రాణికి తన సీసాలోంచి మందు పోయకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో మందుల అలమర తలుపు లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. పైన 'పిల్లికి ఇందులోవి ఏవీ వద్దు' అని రాసుంటుంది. కింద పశువైద్యుడి నంబరు, 1962, పిల్లి బరువు, దాని టీకా తేదీ. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ ఆదివారం ఆ నాలుగు గీతలూ మీరూ రాసి అంటించండి. ఏదో ఒక రాత్రి తొమ్మిదింటికి మీ చేయి సీసా మీదికి వెళ్లినప్పుడు, ఆ చీటీ కనబడాలి.